నిలుపు పరీక్ష

ఎర్రరోజు 9

ఉదయం ఏడున్నరకు షోరూం తెరిచాను. ఎనిమిదికి సైరన్ మోగింది, ధర్మవరంలో మా రోడ్డు ఖాళీ అయిపోయింది. ఎండ యాభై డిగ్రీలు దాటే రోజును ఎర్రరోజు అంటాం. ఆ రోజు సాయంత్రం ఆరు దాకా కాలినడకన మనిషి గాని, మామూలు బండి గాని బయటికి రాకూడదు. బస్సులు, అంగళ్ళు అన్నీ రాత్రికే. లోపల చల్లగా ఉండే చల్లబండిని మాత్రం ఎండలో నడిపి చూపించకుండా అమ్మకూడదని నియమం. అందుకే మా షోరూం పగలు తెరిచి ఉంటుంది. కొనడానికి వచ్చేవాళ్ళు సైరన్‌కు ముందే రావాలి. వచ్చాక సాయంత్రం దాకా మాతోనే.

ఇవాళ ఒక్కరే వచ్చారు. పేరు వన్నూరప్ప. అరవై దాటి ఉంటాడు. భుజాన ఎర్రగళ్ళ తువాలు. నేత కాలనీలో ఉంటానన్నాడు. మూడు బండ్ల చుట్టూ తిరిగి, అన్నిటికన్నా చిన్నదాని తలుపు తెరిచి మూశాడు. ఆ చప్పుడు విని మళ్ళీ తెరిచాడు.

"ఎంత చెప్తాండారు మా?"

గోడమీది బోర్డు చూపించాను. నా ఎత్తు ఉంటుంది. బండి ధర, దాని కింద "అందరికీ ఇదే" అన్న మాట.

"అది బోర్డు చెప్పేది. నువ్వెంత చెప్తాండావు?"

"నేను చెప్పేదీ అదేనండి. తగ్గదు, పెరగదు."

"సరే, దాన్ని కదిలించద్దులే. కింద పరిచే పట్టాలు ఊరికే ఇస్తావా?"

వాటి ధర కూడా బోర్డు మీద ఉందన్నాను. పాత మోపెడ్ ఉంది, తీసుకుంటారా అన్నాడు. తూకానికి తీసుకుంటాం, ఆ రేటూ బోర్డు మీద ఉందన్నాను. ఇంటికాడికి తెచ్చిస్తారా అన్నాడు. తెచ్చిస్తాం, అందరికీ తెచ్చిస్తాం అన్నాను.

"అందరికిచ్చేది నాకూ ఇస్తే, అది నాకిచ్చినట్ల యాడైతాది మా?"

మధ్యాహ్నం సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి మూట విప్పి నాకు సగం తీసి పెట్టాడు. కొనేవాళ్ళ దగ్గర ఏమీ తీసుకోకూడదు. తీసుకోలేదు. సాయంత్రం సైరన్ దాకా అడుగుతూనే ఉన్నాడు. ఎక్కడా విసుక్కోలేదు. నేనిచ్చింది ఏమీ లేదు.

ఎర్రరోజు 10

వన్నూరప్ప మళ్ళీ వచ్చాడు. ఒకప్పుడు పశువుల సంతల్లో బేరగాడట. ఎద్దును అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి ధర తెగ్గొట్టేవాడు. ఇవాళ బల్ల మీద తువాలు పరిచి, దాని కింద చెయ్యి పెట్టి, నా చెయ్యి కూడా పెట్టమన్నాడు.

"మాట బయటికి పోదు. నువ్వు నా చేతివేళ్ళు పట్టుకుంటే ఎంతనేది నాకు తెలుస్తాది. పక్కనోనికి కూడా తెలీదు. సంతలో అంతా ఇట్లే."

"తువాలు కింద జరిగింది నేను పుస్తకంలో రాయలేనండి. రాయలేనిది చెయ్యకూడదు."

ఈ పుస్తకం సంగతి చెప్పాను. ఎవరు ఏమడిగారో, నేనేమిచ్చానో ప్రతిదీ చేత్తో రాయాలి. ధరల తనిఖీ అధికారి వచ్చి చదువుతాడు. వన్నూరప్ప తువాలు మడిచి భుజాన వేసుకుని చాలాసేపు బోర్డు చూస్తూ కూర్చున్నాడు.

"ధర కాకుండ ఇంకేమిస్తారు మా మీరు?"

పరీక్ష ఇస్తాం అన్నాను. రెండు రకాలు. నడక పరీక్షలో బండి ఎండలో అరవై కిలోమీటర్ల లోపు ఎక్కడికైనా వెళుతుంది. అది దానంతటదే నడుస్తుంది, నేను పక్కన కూర్చోవాలి. నిలుపు పరీక్షలో నాలుగు గంటలు ఎండలో నిలబెట్టి, లోపల చల్లదనం నిలుస్తుందో లేదో చూస్తాం. బండి తేరుకోవాలి కాబట్టి రోజు విడిచి రోజు, వారానికి మూడుసార్లు.

"ఒక మనిషికి ఎన్నిసార్లిస్తారు?"

"నమ్మకం కుదిరేదాకా."

"ఆ మాట రాసుండాదా?"

నియమాల కాగితం తీసి చదివాను. మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను.

"అందరికీ ఇదేనా?"

"అందరికీ ఇదే."

ఎల్లుండికి పేరు రాయించుకున్నాడు.

ఎర్రరోజు 12

పరీక్షకు చిన్న బండి. మూడు సీట్లు. ఒకటి నాది, ఒకటి వన్నూరప్పది, మూడోది ఆయన అక్క సుంకులమ్మది. బక్కపలచని మనిషి. ఎడమ చేతిని కొంగుతో కప్పుకుని ఉంది. తొమ్మిదిన్నరకు బయల్దేరాం. అనంతపురం వైపు పోదామన్నాడు.

దారి పొడవునా చెనిక్కాయ చేలు బీడుగా ఉన్నాయి. మనిషి జాడ లేదు. సుంకులమ్మ కిటికీ అద్దం మీద అరచెయ్యి పెట్టి, ఎండ ఎంతుందో చూస్తున్నట్టు అలాగే ఉంచింది. ఊళ్ళోకి వచ్చాక ఒక గేటు దగ్గర వన్నూరప్ప ఆపమన్నాడు. డయాలసిస్ కేంద్రం బోర్డు కనబడింది.

"ఈ పాపకు అబద్ధం చెప్పి తెచ్చినావు రా" అంది సుంకులమ్మ నన్ను చూపిస్తూ.

"అబద్ధమేముండాది అక్కా. బండి చూడల్లంటే అందులో కూర్చోవల్ల గదా."

ఆమె దిగి లోపలికి వెళ్ళింది. నాలుగు గంటలు పడుతుందన్నాడు. బండిని గేటు పక్కన నిలబెట్టి ఇద్దరం లోపలే కూర్చున్నాం. అప్పుడు చెప్పాడు. ఆమెకు వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించాలి. మామూలు రోజుల్లో పగటి బస్సుంది. ఎర్రరోజుల్లో రాత్రి బస్సొక్కటే. అది తెల్లారుజామున దింపేస్తుంది. పడకలున్నంత మందికే కేంద్రం లోపల చోటు. వంతు వచ్చేదాకా, వంతు అయ్యాక రాత్రి బస్సు దాకా, వరండాలో పడిగాపులు. పోయిన వేసవిలో ఆ వరండాలోనే ఇద్దరు పోయారట. కేంద్రానికి ఒక చల్లబండి ఉంది గాని దాన్ని ఊపిరాడనివాళ్ళ కోసమే పంపుతారు.

"ముందే చెప్పాల్సింది మీరు."

"చెప్పింటే ఇచ్చింటివా?"

బండి తెర మీది అంకెలు రాసుకున్నాను.

నిలుపు పరీక్ష: బయట యాభై రెండు, లోపల ఇరవై నాలుగు. కొనేవ్యక్తి చెప్పిన మాట: ఇంకా నమ్మకం కుదరలేదు.

ఎర్రరోజు 13

ఎవరూ రాలేదు. నియమాల కాగితం నాలుగుసార్లు చదివాను. కొనే శక్తి ఉన్నవాళ్ళకే పరీక్ష అని ఎక్కడా లేదు. కాని కాగితం రాసినవాళ్ళ మనసులో ఉన్నది ఇది కాదని నాకు తెలుసు.

ఆ బోర్డు వెనకున్న ఒకే ధర చట్టం నాకు పరాయిది కాదు. నాకు పదకొండేళ్ళప్పుడు, మొదటి చెడ్డ వేసవిలో, మా అమ్మ వడదెబ్బకు పడిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి నాన్న చల్లబండి కోసం పొద్దున్నుంచి తిరిగాడు. ఎండ ముదిరేకొద్దీ ధర ముదిరింది. ఒకచోట ఒప్పుకున్నాక, ఆయన ఆత్రం చూసి ఇంకాస్త పెంచారట. నాన్న బేరమాడి బేరమాడి సాయంత్రానికి ఉత్తచేతులతో వచ్చాడు. అమ్మ మధ్యాహ్నమే పోయింది. ఆ చట్టం వచ్చిన ఏడాదే ఈ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. "అందరికీ ఇదే" అన్న బోర్డు కింద కూర్చోవడం నాకు గౌరవంగా ఉండేది.

రేపు వాళ్ళొస్తారు. పరీక్ష ఇస్తాను. ఇస్తున్నానని తెలిసే రాస్తున్నాను.

ఎర్రరోజు 18

ఇది నాలుగో పరీక్ష. కేంద్రం దగ్గర ఇక తనకు పనేం లేదని వన్నూరప్ప షోరూంలోనే ఆగిపోయాడు. నేనూ సుంకులమ్మే వెళ్ళాం. వచ్చేటప్పుడు ఆమె ముఖం తేటగా ఉంది.

"మా తమ్ముడు బేరం తెగ్గొడితే అమ్మినోడూ నగుతా పోయేటోడు, కొన్నోడూ నగుతా పోయేటోడు" అంది. "ఎద్దొగటే కండ్లనీళ్ళు పెట్టుకునేది."

ఆమె పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయాక తమ్ముణ్ణి తనే సాకింది. సంతకు పోయిన తమ్ముడు తిరిగొచ్చేదాకా అన్నం తినేది కాదట. ఇప్పుడు తను కేంద్రానికి పోతే వాడు తినకుండా కూర్చుంటాడని చెప్పింది. షోరూంకు తిరిగొచ్చి చూస్తే, నిజంగానే సంగటి మూట విప్పలేదు.

ఎర్రరోజు 21

ఇవాళ సైరన్‌కు ముందే గడప దగ్గర అయిదుగురు ఉన్నారు. వన్నూరప్ప, సుంకులమ్మ కాక, కుళ్ళాయప్ప అనే ముసలి నేతగాడు, ఆయన భార్య ఓబుళమ్మ, బడిలో లెక్కలు చెప్పే షాహీన్ టీచరు. కుళ్ళాయప్పకూ షాహీన్‌కూ అదే జబ్బు, అదే కేంద్రం. కాలనీలో మాట పాకింది. వాళ్ళు కూడా పరీక్షకు పేరు రాయమన్నారు.

కాదనడానికి నాకు దారి లేదు. రాశాను. బండిలో నా సీటు పోతే రెండే మిగులుతాయి. వారానికి మూడు పరీక్షలు. అంటే ఆరు సీట్లు. రోగులు ముగ్గురు. ఒక్కొక్కరికి మూడు కావాలి. రాత్రి బస్సెక్కి వరండాలో పడిగాపులు పడే సత్తువ ముగ్గురిలో ఎవరికీ లేదు.

"మనలో మనం మాట్లాడుకుందాం" అన్నాడు వన్నూరప్ప. బోర్డు కింది బల్ల చుట్టూ కూర్చున్నారు. కుళ్ళాయప్ప నడిచి అలిసిపోయి బెంచీ మీద పడుకున్నాడు. ఆయన తరఫున ఓబుళమ్మ కూర్చుంది.

బేరమంటే ఏమిటో నేను మొదటిసారి చూశాను. వన్నూరప్ప గొంతు పెంచలేదు. ఒక్క అబద్ధమూ ఆడలేదు. ముందుగా టీచరును పొగిడాడు. ఆమె డాక్టరు చీటీ చూపించింది. తన దగ్గర చదివే పిల్లల గురించి చెప్పింది. గట్టిగానే నిలబడింది. "నీకు రెండుకు తగ్గితే నేనే ఒప్పుకోను మా" అన్నాడు, ఆమెకు తనే ఇస్తున్నట్టు. తర్వాత ఓబుళమ్మ వైపు తిరిగాడు.

"దారి కనుక్కున్నది నేను గదా మా. మా అక్కకు ఒంట్లో నీళ్ళు ఒక్క సుక్క కూడా బయటికి పోవు. మీ ఆయప్పకు ఇంగా మూత్రం వస్తాది గదా?"

"వస్తాది."

"రోజూ?"

"రోజూ. కొంచిం."

"అదే గదా నేను చెప్పేది. ఆ దేవుడు ఆయప్పకు ఇంగా దారి పెట్టినాడు. వారానికొకటైతే తట్టుకుంటాడు. ఈ ఎర్రరోజులు పోయేదాకానే."

ఓబుళమ్మ బెంచీ వైపు చూసింది. కొంగు చివర వేళ్ళకు చుట్టుకుంది.

"మీరెట్ల చెప్తే అట్ల" అంది.

అర గంట కూడా పట్టలేదు. సుంకులమ్మకు మూడు, షాహీన్‌కు రెండు, కుళ్ళాయప్పకు ఒకటి. తలా రెండు అని నేను ఒక్క మాట అనగలిగేదాన్ని. బండి ధర తప్ప మిగతాది కొనేవాళ్ళ ఇష్టమని ఊరుకున్నాను. బేరం అంత నైపుణ్యంగా తెగడం చూసి, లోపల్లోపల మెచ్చుకున్నాను కూడా. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఎర్రరోజు 27

ఇవాళ కుళ్ళాయప్ప వంతు. పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. మాటలు తక్కువ మనిషి. బండిలో సీటు గుడ్డను వేళ్ళతో నిమిరి చూశాడు.

"మిషను నేత" అన్నాడు. "అంచు కాడ పోగులు వదిలేసినారు."

ఆ వేళ్ళు ఉబ్బి ఉన్నాయి. మగ్గం మీద కూర్చుని రెండు నెలలయిందట. మొన్న పోగు ముడి వెయ్యబోతే వేళ్ళు దగ్గరికి రాలేదన్నాడు. పక్కన సుంకులమ్మ ఆ చేతి వైపు చూసి, ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. కేంద్రంలో నర్సు నన్ను పిలిచి, ఈయనకు వారానికి ఒకటి చాలదు, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది అంది. సాయంత్రం ఆ మాట వన్నూరప్పకు చెప్పాను.

"పది దినాలే మా. అంతలోకి ఎండ తగ్గుతాది."

"తగ్గకపోతే?"

ఆయన తన అక్క ముఖం వైపు చూశాడు. నేను మళ్ళీ అడగలేదు.

ఎర్రరోజు 33

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

వంతు సుంకులమ్మది, షాహీన్‌ది. సైరన్‌కు పది నిమిషాల ముందు కుళ్ళాయప్పను మంచంతో సహా మోసుకొచ్చారు. మోసినవాళ్ళు సైరన్ భయానికి వెంటనే వెళ్ళిపోయారు. ఆయనకు పడుకుంటే ఊపిరి ఆడడం లేదు. కూర్చోబెట్టి వీపుకు ఓబుళమ్మ తన భుజం ఆనించింది. కేంద్రం బండి కోసం కబురు చేశాను. అది కళ్యాణదుర్గం వైపు పోయింది, మధ్యాహ్నం దాకా రాదన్నారు. తొమ్మిదిన్నర దాకా ఆగకుండా అప్పుడే బండి తీశాను.

సుంకులమ్మ అప్పటికే ఎక్కి కూర్చుంది. ఆయన్ను చూసి తలుపు తెరుచుకుంది.

"ఆయప్పను ఎక్కించండి. నేను మళ్ళ పోతా."

"అక్కా, మొన్న కూడా నీకు సరిగా కాలేదు" అన్నాడు వన్నూరప్ప. "నువ్వు దిగితే..."

"దిగుతాండా" అని ఆమె దిగింది. తమ్ముడి వైపు చూడలేదు.

షాహీన్ తన సీటు ఓబుళమ్మకు ఇస్తానంది. ఓబుళమ్మ వద్దంది. "నీకూ జబ్బే గదా మా. నువ్వు పో. ఆయప్ప చెయ్యి పట్టుకో సాలు" అంది.

రాప్తాడు దాటాక ఆయన చూపు నిలిచిపోయింది. షాహీన్ నాడి చూసింది. మెడ దగ్గర వేళ్ళు పెట్టి చాలాసేపు ఉంచింది. తర్వాత నా వైపు చూసి తల అడ్డంగా ఆడించింది. బండి దానంతటది నడుస్తూనే ఉంది. తెర మీద లోపలి వేడి ఇరవై నాలుగు అని చూపిస్తూనే ఉంది.

కేంద్రంలో డాక్టరు బయటికి వచ్చి చూసి కాగితం రాశాడు. చనిపోయినవాళ్ళను ఉంచే గది చెడిపోయి వారమయింది, తీసుకెళ్ళిపొమ్మన్నాడు. షాహీన్ పడక సిద్ధంగా ఉంది. ఆమెను వదిలి వెనక్కి వస్తే మళ్ళీ తీసుకురావడానికి బండికి సత్తువ చాలదు. ఏం చెయ్యమంటావని ఆమెనే అడిగాను. ఆమె గేటు దగ్గర నిలబడి ఏడ్చింది. తర్వాత లోపలికి వెళ్ళింది. వెళ్ళమని నేనే చెప్పాను.

నాలుగు గంటలు బండిని ఎండలో నిలబెట్టాను. ఆయన పక్కన నేను కూర్చున్నాను. ఓబుళమ్మకు ఫోను చేసి చెప్పాను. ఆమె "ఊ" అంది. తర్వాత, "ఆయప్పకు ఎండ తగలకుండ చూడు మా" అంది.

నిలుపు పరీక్ష: బయట యాభై మూడు, లోపల ఇరవై నాలుగు.

ఎర్రరోజు 34

ఇప్పుడు ఆరు సీట్లు, ఇద్దరు మనుషులు. తలా మూడు. లెక్క సరిపోయింది.

"అందరికీ ఇదే" అని రాసిన బోర్డు కిందే ఆ బేరం జరిగింది. మాట వచ్చినవాడికి మూడు, చీటీ ఉన్నామెకు రెండు, నోరు లేనామెకు ఒకటి. మా నాన్న ఎండలో తిరిగిన రోజు కూడా జరిగింది ఇదే. ఆ సంగతి నాకు తెలిసి ఉండాలి. తలా రెండు అని నేను చెప్పి ఉండాలి.

వన్నూరప్ప వచ్చాడు. బండి వైపు పోలేదు, నన్ను ఏమీ అడగలేదు. ఆరింటికి సైరన్ మోగాక కూడా కూర్చునే ఉన్నాడు. తలుపు వెయ్యాలి లేవండి అంటే లేచాడు.

ఎర్రరోజు 40

ధరల తనిఖీ అధికారి భాస్కరాచారి వచ్చాడు. నెమ్మదస్తుడు. పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివాడు. మధ్యాహ్నం దాటింది. ముప్పై మూడో రోజు పేజీ దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నాగవేణిగారూ, వీళ్ళకు కొనే శక్తి లేదని పన్నెండో రోజే మీకు తెలిసింది. మీరే రాశారు. కొననివాళ్ళకు ఇచ్చిన పరీక్ష రాయితీ కిందికి వస్తుంది. రాయితీ అంటే చట్టం దృష్టిలో బేరమే."

"తెలుసండి."

"లైసెన్సు పోతుంది."

"తెలుసండి."

కాసేపు వేళ్ళతో బల్ల మీద తట్టాడు. తర్వాత గొంతు తగ్గించాడు. పుస్తకం నీళ్ళలో తడిసిందని తను రాసుకుంటానన్నాడు. కొత్త పుస్తకంలో నేను పన్నెండో రోజు నుంచి తిరగరాయాలి. ఆ మనిషి మోసం చేసి బండి వాడుకున్నాడు, నాకు ఇవాళే తెలిసింది అని రాస్తే చాలు. అతనికి హెచ్చరికతో పోతుంది. నా ఉద్యోగం నిలుస్తుంది.

"మరి కుళ్ళాయప్ప?"

"ఆయన్ను రాయకండి. ఆయన ఆ బండిలో ఉన్నట్టు వేరే కాగితం ఏదీ లేదు. కేంద్రం వాళ్ళు కూడా గేటు దగ్గర చనిపోయినట్టే రాశారు."

"ఇది బేరం కాదా సార్?"

ఆయన ముఖం ఎర్రబడింది. కోపం కాదు. "మీకు మేలు చేద్దామని" అన్నాడు. రేపటిదాకా ఆలోచించుకోమన్నాడు.

ఎర్రరోజు 41

తిరగరాయనని చెప్పాను. విచారణ కావాలని కాగితం రాసిచ్చాను.

విచారణ అడిగితే అది తేలేదాకా బండి అమ్మకూడదు, దాని వాడకం మార్చకూడదు. ఈ నియమం నిన్న రాత్రి వెతికి పట్టుకున్నాను. ఆయన ఆ పేరా రెండుసార్లు చదివాడు.

"అంటే పరీక్షలు సాగుతాయి."

"సాగుతాయండి. విచారణ ఎప్పుడు పెడతారు?"

"మూడు వారాల లోపు కుదరదు" అన్నాడు. వెళ్ళేముందు గుమ్మం దగ్గర ఆగి, "అప్పటికి వానలు పడొచ్చు" అన్నాడు. నా వైపు చూడకుండానే అన్నాడు.

సుంకులమ్మకూ షాహీన్‌కూ వచ్చే మూడు వారాలకు పేర్లు రాశాను. తలా మూడు.

ఎర్రరోజు 55

వన్నూరప్ప నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఇరవై రోజుల తర్వాత మాట్లాడాడు.

"విచారణలో నన్నూ పిలిచినారు. కొనల్లనే వచ్చినా, ఇంగా నమ్మకం కుదర్లేదు అని చెప్తా. నలభై ఏండ్లు సంతలో మాట్లాడినోణ్ణి. వాళ్ళు నమ్మేతట్ల చెప్తా. నీ లైసెన్సు యాడికీ పోదు."

చెప్పగలడని నాకు తెలుసు. ఆ మాట వినగానే ఆశ పుట్టింది. పుట్టలేదని రాస్తే అబద్ధం.

"వద్దండి. ఉన్నది చెప్పండి."

"ఎందుకు మా?"

"మీరు కొనడానికే వచ్చారంటే ఇదంతా మామూలు పరీక్ష అయిపోతుంది. అప్పుడు ఆ సీట్ల బేరం కూడా కొనేవాళ్ళ మధ్య మామూలు మాటైపోతుంది. ఎవరికీ ఏమీ జరగనట్టే అవుతుంది."

ఆయన బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

ఎర్రరోజు 62

పాత కలెక్టరాఫీసు హాల్లో విచారణ. సైరన్‌కు ముందే అందరం చేరాం. ముగ్గురు సభ్యులు. నన్ను ఎక్కువ అడగలేదు. పుస్తకంలో ఉన్నది నా రాతేనా అన్నారు. నాదే అన్నాను. తర్వాత వన్నూరప్పను పిలిచారు.

"బండి కొనే ఉద్దేశం మీకు ఉండిందా?"

"లేదు సార్. కొనే శక్తి నాకు యాపొద్దూ లేదు. మా అక్కను ఆసుపత్రికి తీసకపోవల్లని వచ్చినా. పన్నెండో దినం నుంచి ఈ పాపకూ తెలుసు."

"మంచిది. కూర్చోండి."

కూర్చోలేదు. "ఇంగొకటి కూడా రాసుకోండి సార్. ఆరు సీట్లుండాయి, ముగ్గురు మనుషులుండారు. నేను మాట్లాడి మా అక్కకు మూడు తీసుకున్నా. కుళ్ళాయప్పకు ఒకటే మిగిలిచ్చినా. ఆయప్ప సచ్చిపాయ."

"అది మా పరిధిలోకి రాదు" అన్నాడు సభ్యుల్లో పెద్దాయన.

"మరి ఎవరి దాంట్లోకి వస్తాది సార్?"

రాసుకునే గుమస్తా కలం పైకెత్తి పెద్దాయన వైపు చూశాడు. రాయమన్నట్టు ఆయన చెయ్యి కదిపాడు.

తీర్పు గంటలోనే వచ్చింది. నా లైసెన్సు శాశ్వతంగా రద్దు. వచ్చే వేసవి నుంచి ఒక మనిషికి ఒకే పరీక్ష. పుస్తకం వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఏ పేజీ తియ్యరు. సాయంత్రం ఈ చివరి పేజీ రాయడానికి మాత్రం ఇచ్చారు. పక్కన మనిషి నిలబడి ఉన్నాడు, పూర్తవగానే తీసుకెళతాడు.

ఎండ నలభై ఎనిమిదికి దిగుతుందట. రేపటి నుంచి ఎర్రరోజు కాదని రేడియోలో చెప్పారు.

ఎర్రరోజులు పోయాక మూడో నాడు

ఇది నా సొంత నోటుబుక్కు. ఎవరూ చదవరు. పద్నాలుగేళ్ళుగా రాసే అలవాటు, మానలేకపోతున్నాను.

సుంకులమ్మ, షాహీన్ పొద్దున పగటి బస్సెక్కి కేంద్రానికి వెళ్ళారు. బస్టాండులో వాళ్ళను ఎక్కించి వస్తుంటే వన్నూరప్ప నా పక్కన నడిచాడు. ఓబుళమ్మ ఇంటికి పోవల్ల, నువ్వు రా మా అన్నాడు. ఒక్కడే రెండుసార్లు ఆ సందు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడట.

ఒకే గది. సగం గదిని మగ్గం పట్టింది. దాని మీద సగం నేసిన చీర అలాగే ఉంది, దుమ్ము పడకుండా పాత పంచె కప్పారు. ఓబుళమ్మ చాప పరిచింది. నేను కూర్చున్నాను. వన్నూరప్ప గడప లోపల నిలబడే ఉన్నాడు.

ఏం చెప్పాలో ఇంటి దగ్గరే అనుకుని వచ్చి ఉంటాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్ళీ తెరిచాడు. సంతలో నలభై ఏళ్ళు మాట్లాడిన మనిషి, ఆ గదిలో ఒక్క మాట కోసం గొంతు సవరించుకుంటూ నిలబడ్డాడు.

ఓబుళమ్మే మాట్లాడింది.

"తప్పు నీదొకటే కాదులేప్పా. ఆ పొద్దు నేనే ఊ అన్నా. రెండు కావల్లని అడగల్లనుకున్నా. నోటి దాకా వచ్చింది." ఆగింది. "నాకు మాట్లాడేది రాదు."

వన్నూరప్ప గోడకు చెయ్యి ఆనించి అక్కడే కూలబడ్డాడు. ఆమె అతన్ని ఓదార్చలేదు, పొమ్మనలేదు. తలా రెండు అని నేను అనాల్సింది అని చెప్పాను. ఆమె విన్నది.

పక్కింట్లో మగ్గం ఆడుతోంది. తర్వాత ఓబుళమ్మ లేచి, కడవలోంచి చెంబుతో నీళ్ళు ముంచి తెచ్చి, మా ఇద్దరి మధ్య నేల మీద పెట్టింది. ఎవరికని చెప్పలేదు. వన్నూరప్ప చెంబు నా వైపు జరిపాడు. నేను అతని వైపు జరిపాను.

"ఎవరో ఒకరు తాగండి" అంది ఓబుళమ్మ. "ఇంగా ఉండాయి."